నంబరు ప్లేటు చెప్పని చరిత్ర

భారత సైన్యానికి చెందిన ఏ లారీ నంబరు ప్లేటును చూసినా మొదట కనిపించేది పైకి చూపే బాణం గుర్తు. బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తి మీద వేసే ముద్ర అది. ప్రభుత్వం మారినా ముద్ర మారలేదు. బాణం పక్కనుండే రెండంకెలు ఆ వాహనం సైన్యంలో చేరిన సంవత్సరాన్ని చెబుతాయి. అంటే సైనిక లారీ తన పుట్టిన ఏడును నుదుట రాసుకుని తిరుగుతుంది. కానీ ఆ తర్వాత ఇరవై, ముప్పై ఏళ్లలో దానికి ఏం జరిగిందో ప్లేటు చెప్పదు. ఏ కొండ కోసం దాని కమాన్ పట్టీలు పెరిగాయో, ఏ దాడి తర్వాత తలుపుకు ఇనుపరేకు అతికించారో, ఏ వర్క్‌షాపులో వెనుక తొట్టిని తీసేసి నీళ్ల ట్యాంకు బిగించారో తెలియాలంటే దాని ఒంటి మీద వెల్డింగ్ మచ్చలను చదువుకోవలసిందే.

మన దేశంలో రక్షణ కొనుగోళ్ల చర్చ అంతా కొన్న రోజు చుట్టూనే తిరుగుతుంది. ఒప్పందం ఎవరితో, ధర ఎంత, మధ్యవర్తి ఎవరు అన్నవే పార్లమెంటులో గానీ పత్రికల్లో గానీ వినిపించే ప్రశ్నలు. కొన్న వస్తువు మరుసటి రోజు నుంచి మారడం మొదలవుతుందనీ, ఆ మార్పుల్లోనే అసలు సైనిక చరిత్ర దాగి ఉందనీ ఎవరికీ పట్టదు. విధాన నిర్ణేతలు ఊహించలేకపోయినది ఏమిటో లారీకి తగిలించిన అదనపు సామగ్రి చెబుతుంది. ఊహించలేకపోయిన ఆ లోటుకు మూల్యం చెల్లించినవారు ఎవరో కూడా అదే చెబుతుంది.

ఉపఖండంలో ఈ కథ రెండో ప్రపంచ యుద్ధంతో మొదలవుతుంది. యూరప్‌లో బ్రిటన్ తన సాయుధ వాహనాలను తానే సమకూర్చుకోలేని స్థితిలో ఉన్నప్పుడు భారత సైన్యానికి ఎవరు ఇస్తారు? కెనడాలోని ఫోర్డ్, జనరల్ మోటార్స్ కంపెనీలు పంపిన ఛాసిస్‌ల మీద, టాటా ఉక్కు కర్మాగారం తయారుచేసిన కవచపు పలకలను బిగించి, రైల్వే వర్క్‌షాపుల పనివారు ఇక్కడే ఒక సాయుధ వాహనాన్ని కట్టారు. అధికారిక పత్రాల్లో దాని పేరు ‘ఇండియన్ ప్యాటర్న్ క్యారియర్’. సైనికుల నోట అది ‘టాటానగర్’. యుద్ధకాలంలో నాలుగున్నర వేలకు పైగా తయారయ్యాయి. ఉత్తరాఫ్రికా ఎడారి నుంచి బర్మా సరిహద్దు దాకా అవి తిరిగాయి. ఒక దేశపు ఛాసిస్, మరొక దేశపు ఉక్కు, ఇక్కడి కార్మికుడి చేతిపని కలిసిన ఆ అతుకుల బొంత మన సైనిక వాహన పరిశ్రమకు తొలి రూపం. ‘స్వదేశీ’ అన్న మాటను ఇవాళ ఉపన్యాసాల్లో వాడే తీరు చూసినప్పుడల్లా నాకు ఈ టాటానగర్ బండే గుర్తుకొస్తుంది.

స్వాతంత్ర్యం తర్వాత పదేళ్ల పాటు సైన్యం ఎక్కువగా యుద్ధం మిగిల్చిన పాత బండ్లతోనే నెట్టుకొచ్చింది. వి.కె. కృష్ణమేనన్ రక్షణ మంత్రి అయ్యాక పరిస్థితి మారింది. జర్మనీకి చెందిన మాన్ కంపెనీ లైసెన్సుతో 1959లో జబల్‌పూర్ గన్ క్యారేజ్ ఫ్యాక్టరీలో మూడు టన్నుల లారీ తయారీ మొదలైంది. 1904లో బ్రిటిష్ వారు ఫిరంగి బండ్ల కోసం నెలకొల్పిన కర్మాగారం అది. లారీకి పెట్టిన పేరు ‘శక్తిమాన్’. దానికి తోడుగా జపాన్ నిస్సాన్ కంపెనీ ఒక టన్ను లారీ, అదే కంపెనీ నమూనాతో ‘జొంగా’ జీపు వచ్చాయి. ‘జొంగా’ ఏ భాషా పదమూ కాదు, ‘జబల్‌పూర్ ఆర్డ్‌నెన్స్ అండ్ గన్ క్యారేజ్ అసెంబ్లీ’ అన్న ఇంగ్లిషు మాటల తొలి అక్షరాల కూర్పు. 1969లో ఈ మూడింటి కోసం జబల్‌పూర్‌లోనే ప్రత్యేక వాహన కర్మాగారం వెలిసింది.

మేనన్ హయాంలో ఆయుధ కర్మాగారాలు కాఫీ కాచే పాత్రలు చేస్తున్నాయన్న ఎత్తిపొడుపు ఆనాటి రాజకీయాల్లో బాగా ప్రచారమైంది. 1962 పరాజయం తర్వాత ఆ మాట ఇంకా పదునెక్కింది, మేనన్ పదవి పోయింది. లారీ మాత్రం మిగిలింది. ఆయనను తిట్టిన ప్రభుత్వాలు, పొగిడిన ప్రభుత్వాలు అన్నీ 1990ల మధ్య దాకా ఆ లారీలోనే సైన్యాన్ని మోయించాయి.

విజయవాడ ఆటోనగర్ సంగతి తెలిసిన తెలుగు పాఠకులకు ఒక విషయం విడమరచి చెప్పనక్కరలేదు. లారీ అంటే ఛాసిస్ వేరు, బాడీ వేరు. ఛాసిస్ ఫ్యాక్టరీలో పుడుతుంది, బాడీని అవసరాన్ని బట్టి కట్టించుకుంటారు. శక్తిమాన్ విషయంలో సైన్యం చేసినదీ అదే. ఒకే ఛాసిస్ మీద సరుకు లారీ, నీళ్ల బండి, మరమ్మతు బండి, చెడిన వాహనాలను లాగే క్రేను బండి వచ్చాయి. ఈ మార్పులు చేసే బాధ్యత 1943లో ఏర్పడిన ఎలక్ట్రికల్ అండ్ మెకానికల్ ఇంజినీర్స్ విభాగానిది. సైనిక పరిభాషలో ఈఎంఈ. ఆ విభాగం అధికారులకు, జవాన్లకు శిక్షణ ఇచ్చే కళాశాల, కేంద్రం మన సికింద్రాబాద్ కంటోన్మెంటులోనే ఉన్నాయి. నిన్నమొన్నటి దాకా సికింద్రాబాద్‌లో ఏ పాత మెకానిక్ షెడ్డుకు వెళ్లినా ఈఎంఈలో పనిచేసి వచ్చినవారు ఒకరిద్దరు తారసపడేవారు.

కొండలు చేయించిన మార్పులు మాత్రం ఏ నమూనా పత్రంలోనూ లేవు. 1962లో తవాంగ్ వైపు దారి ఒక టన్ను బండికి మించి మోయలేనిది. మూడు టన్నుల లారీ ఎంత బలమైనదైనా కొండ అంచును తొలిచిన ఆ ఇరుకు బాటలో పనికిరాలేదు. సరిహద్దు రహదారుల సంస్థ పుట్టి అప్పటికి రెండేళ్లే అయింది. అంటే వాహనం ముందే వచ్చింది, దారి వెనుక నుంచి వచ్చింది. యుద్ధం తర్వాత దారులు వెడల్పయ్యే కొద్దీ శక్తిమాన్ పైకెక్కింది. ఎక్కిన చోట దాన్ని మార్చుకోవలసి వచ్చింది. లదాఖ్ కనుమల ఎత్తున గాలి ఒత్తిడి సముద్ర మట్టంతో పోలిస్తే సగానికి కాస్త ఎక్కువ. గాలి చాలక ఇంజను నల్లటి పొగ కక్కుతుంది, బలం సడలుతుంది. చలికి డీజిల్‌లోని మైనం పేరుకుని గొట్టాల్లో అడ్డుపడుతుంది. అందుకని డీజిల్‌లో కిరసనాయిలు కలపడం, రేడియేటరుకు గోనెపట్టా కప్పడం, తెల్లవారుజామున ఇంజను అడుగున మంట పెట్టి నూనెను కరిగించడం డ్రైవర్లు అనుభవంతో నేర్చుకున్నారు. సున్నా కంటే 33 డిగ్రీలు దిగువన కూడా గడ్డకట్టని శీతాకాలపు డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ సంస్థ లదాఖ్‌లో ప్రవేశపెట్టింది 2019 నవంబరులో. చైనాతో యుద్ధం జరిగిన 57 ఏళ్లకు! ఆ 57 ఏళ్లూ విధానం చేయవలసిన పనిని కిరసనాయిలు డబ్బా చేసింది.

మైదానంలో అవసరం వేరు. 1965 సెప్టెంబరు 10న ఖేమ్‌కరణ్ ప్రాంతంలోని చీమా గ్రామం దగ్గర హవల్దార్ అబ్దుల్ హమీద్ పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులను ఎదుర్కొన్నది జీపు మీద బిగించిన 106 మిల్లీమీటర్ల రీకాయిల్‌లెస్ తుపాకీతో. రెండు వందల కిలోలకు పైబడిన ఆ తుపాకీని మోయడం కోసం ఆ జీపు పుట్టలేదు. దానికి కవచం లేదు, పైకప్పు లేదు. తుపాకీ పేలితే వెనక్కి చిమ్మే మంట, ధూళి అది ఉన్న చోటును శత్రువుకు వెంటనే పట్టిస్తాయి. ఆ జీపుకు ఉన్న ఒకే ఒక రక్షణ, పేల్చిన మరుక్షణం చోటు మారగలగడం. హమీద్ పలు ట్యాంకులను ధ్వంసం చేసి అక్కడే నేలకొరిగారు. మరణానంతరం పరమవీర చక్ర లభించింది. పాఠ్యపుస్తకాలు ఆయన ధైర్యాన్ని చెబుతాయి, చెప్పాలి కూడా. ట్యాంకుకు ఎదురుగా ఆయనను కూర్చోబెట్టిన ఆ జీపు గురించి కూడా ఒక వాక్యం రాస్తే ఆ ధైర్యం తగ్గదు, పెరుగుతుంది.

వాడుకలో లారీ ఎలా మారుతుందో అంచెలంచెలుగా చూపే ఉదాహరణ కావాలంటే మాత్రం వియత్నాం వెళ్లాలి. ఓడిపోయిన యుద్ధాన్ని కూడా వివరంగా రాసిపెట్టుకునే అలవాటు అమెరికన్లకుంది. 1967 సెప్టెంబరు 2న ఆన్‌ఖే సమీపాన 19వ నంబరు రహదారిపై వారి సరుకు లారీల వరుస మీద దాడి జరిగి ఏడుగురు చనిపోయారు, ముప్పైకి పైగా లారీలు దెబ్బతిన్నాయి. అప్పటిదాకా సరుకు రవాణా అంటే యుద్ధరంగం వెనుక జరిగే పని అన్న ఊహ రాజ్యమేలింది. ముందు, వెనుక అనేవి లేని యుద్ధంలో ఆ ఊహ ఒక్క సాయంత్రంలో కూలింది. రవాణా దళాల సైనికులు రెండున్నర టన్నుల లారీల తొట్టి చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి, లోపల మెషిన్‌గన్లు పెట్టుకున్నారు. వానలు పడ్డాయి. తడిసిన ఇసుక బరువు పెరిగి లారీలు కదలలేకపోయాయి. బస్తాల చోట ఉక్కు పలకలు వచ్చాయి. పలకల బరువుకు రెండున్నర టన్నుల బండి కుంగింది. ఐదు టన్నుల బండికి మారారు. చివరకు కొన్ని బండ్ల మీద ఏకంగా పాడైన సాయుధ వాహనాల పైభాగాన్ని ఎత్తి కూర్చోబెట్టారు.

ఇక్కడ కాస్త ఆగి బరువు సంగతి చెప్పుకోవాలి. కవచం ఉచితంగా రాదు. టన్ను ఉక్కు ఎక్కితే కమాన్ పట్టీలు చదునైపోతాయి, పట్టీలు పెంచితే ఆ ఒత్తిడి యాక్సిల్ మీదికి పోతుంది. బ్రేకు వేసిన తర్వాత బండి ఆగే దూరం పెరుగుతుంది. బరువు పైభాగానికి చేరడం వల్ల మలుపులో బోల్తా కొట్టే ప్రమాదం పెరుగుతుంది. క్లచ్ పలకలు ముందే అరిగిపోతాయి. తూటా నుంచి కాపాడుకోవడానికి చేసిన మార్పు లోయలోకి తోసేయవచ్చు. ఆ బేరం ఎంతవరకు లాభసాటి అన్నది ఏ ప్రధాన కార్యాలయంలోనూ తేలలేదు, తోలేవాడి చేతిలోనే తేలింది. ఆ తుపాకీ లారీలకు సైనికులే పేర్లు పెట్టుకున్నారు, పెద్ద అక్షరాలతో బొమ్మలు వేసుకున్నారు. యుద్ధం ముగిశాక దాదాపు అన్నింటినీ విప్పేశారు. అసలైనది ఒక్కటి వర్జీనియాలోని ఫోర్ట్ యూస్టిస్ ప్రదర్శనశాలలో మిగిలింది.

నేర్చుకున్న పాఠాన్ని లారీతో పాటే విప్పి పారేశారనడానికి రుజువు 2004 డిసెంబరులో దొరికింది. చెత్త కుప్పల్లో ఇనుపరేకులు ఏరుకుని వాహనాలకు ఎందుకు తగిలించుకోవలసి వస్తున్నదని కువైట్‌లో ఒక సైనికుడు రక్షణ మంత్రి డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్‌ను నిలదీశాడు. తోటి సైనికులు చప్పట్లు కొట్టారు. మంత్రి ప్రతి సైనికుడి ఎదుట నిలబడి ప్రశ్నలు తీసుకోవడం, ఆ ప్రశ్న మర్నాడు పత్రికల్లో రావడం, చివరకు వేల కోట్ల డాలర్లతో మందుపాతరలను తట్టుకునే కొత్త వాహనాలు రావడం జరిగాయి. ఇలాంటి ప్రశ్న మన దగ్గర ఒక జవాను వేసి ఉంటే ఏమయ్యేదో పాఠకులే ఊహించుకోవచ్చు.

మన సైన్యానికి మందుపాతర పాఠం పూర్తిస్థాయిలో ఎదురైంది శ్రీలంకలో. 1987 నుంచి 1990 దాకా అక్కడ ఉన్న శాంతి పరిరక్షక దళం పదకొండు వందలకు పైగా సైనికులను కోల్పోయింది. ఎల్‌టీటీఈ రోడ్డు కింద పెట్టిన పేలుడుకు సరుకు లారీ అడుగుభాగం ఏమాత్రం అడ్డు కాదు. చేతికందిన జవాబు మళ్లీ ఇసుక బస్తాలే. లారీ నేల మీద పరుచుకుని పైన కూర్చోవడమే. శ్రీలంక సైన్యం అప్పటికే దక్షిణాఫ్రికా ‘బఫెల్’ బండ్లను తెచ్చుకుంది. సాధారణ ట్రక్కు ఛాసిస్ మీద, అడుగు ఆంగ్ల ‘వి’ అక్షరంలా ఉండే ఇనుప తొట్టిని కూర్చోబెట్టిన వాహనం అది. పేలుడు తాకిడి ఆ వాలు వెంట పక్కలకు చీలిపోతుంది. శ్రీలంక ఈఎంఈ దళం వాటిని చూసి ‘యూనికార్న్’, ఆ తర్వాత ‘యూనిబఫెల్’ పేర్లతో స్వయంగా తయారుచేసుకుంది. చిన్న దేశం, చేతిలో యుద్ధం, ఎదుట శవాలు. ఫైలు కదలడానికి ఇంతకన్నా ఏం కావాలి? అటువైపు ఎల్‌టీటీఈ కూడా ఊరుకోలేదు. 1991 జూలైలో ఎలిఫెంట్ పాస్ శిబిరం మీదికి ఒక బుల్డోజరుకు కవచం తొడిగి పంపింది. శ్రీలంక సైనికుడు గామిని కులరత్నే ప్రాణం ఇచ్చి దాన్ని ఆపాడు. రాజ్యం, తిరుగుబాటుదారు ఇద్దరూ ఒకే వెల్డింగ్ రాడ్డును నమ్ముకున్న యుద్ధం అది.

మన దేశం ‘వి’ ఆకారపు అడుగును అరువు తెచ్చుకున్నది 1990ల చివర, కశ్మీరు కోసం, దక్షిణాఫ్రికా ‘కాస్పిర్’ రూపంలో. దాని నమూనాతో దేశంలో ‘ఆదిత్య’ వచ్చింది. దాన్ని చేసిన కర్మాగారాల్లో అప్పటి మెదక్ జిల్లా ఎద్దుమైలారంలోని ఆయుధ కర్మాగారం ఒకటి. కవచం తయారైన ఊరికి, అది తిరగవలసిన దండకారణ్యానికి మధ్య దూరం ఎంతో లేదు. అయినా దాని పరిమితి త్వరలోనే బయటపడింది. 2005 సెప్టెంబరు 3న బీజాపూర్ దగ్గర మావోయిస్టులు మందుపాతర నిరోధక వాహనాన్నే పేల్చివేశారు, 24 మంది చనిపోయారు. 2010 ఏప్రిల్ 6న చింతల్నార్ దగ్గర 76 మందిని బలిగొన్న దాడిలోనూ సాయానికి వెళ్లిన అలాంటి వాహనం పేలిపోయి డ్రైవరు మరణించాడు. కారణం చిత్రమైనది కాదు. వాహనం ఎన్ని కిలోల పేలుడును తట్టుకుంటుందో లెక్క ఉంటుంది, ఆ లెక్క అవతలివారికీ తెలుస్తుంది. వారు రోడ్డు కింద ఇంకో డబ్బా ఎక్కువ పెడతారు. కవచం మందం పెంచడానికి ఏళ్లు పడుతుంది, పేలుడు మందు పెంచడానికి ఒక రాత్రి చాలు. చివరకు కేంద్ర బలగాలు బండ్లు దిగి కాలినడకన, మోటారు సైకిళ్ల మీద అడవిలోకి వెళ్లడం మొదలుపెట్టాయి. ఆ లారీకి చేసిన ఆఖరి మార్పు, దాన్ని వదిలేయడం.

వదిలేయడం కూడా అన్నిచోట్లా జరగలేదు. 2003 అక్టోబరు 1న అలిపిరి దగ్గర ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు క్లేమోర్ మందుపాతరల నుంచి బయటపడ్డారంటే అందులో బుల్లెట్‌ప్రూఫ్ అంబాసిడర్ పాత్ర ఉంది. ఆయనకు ఆ కారు ఉండడం తప్పు కాదు. కానీ అది జరిగిన ఇరవై ఏళ్ల తర్వాత, 2023 ఏప్రిల్ 26న దంతెవాడ జిల్లా అరన్‌పూర్ దగ్గర పేలిపోయినది ఒక అద్దె వ్యాను. అందులో పదిమంది డీఆర్‌జీ పోలీసులు చనిపోయారు, వారిలో అనేకులు స్థానిక ఆదివాసీలు. పదకొండో మృతుడు ఆ వ్యాను డ్రైవరు. యూనిఫాం లేని మనిషి. రాజ్యం తన పోరును అద్దె బండిలో పంపిన రోజు కవచాల చరిత్ర అంతా ఎక్కడికి పోయినట్టు? 2025 జనవరి 6న బీజాపూర్ జిల్లాలో మళ్లీ అదే జరిగింది, ఎనిమిది మంది జవాన్లు, ఒక డ్రైవరు. పుల్వామాలో 2019 ఫిబ్రవరి 14న 40 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయింది కూడా కవచం లేని బస్సు ప్రయాణంలోనే. వారం తిరిగేసరికి జమ్మూ, శ్రీనగర్ మధ్య విమాన ప్రయాణానికి అనుమతి వచ్చింది. అంతకుముందు ఆ ఉత్తర్వుకు అడ్డుపడిన సాంకేతిక సమస్య ఏదీ లేదు.

పార్లమెంటులో సైనిక లారీ పతాక శీర్షికకెక్కినది ఒక్కసారే, 2012లో. నాసిరకం వాహనాల కొనుగోలు కోసం తనకు 14 కోట్ల లంచం ఇవ్వజూపారని అప్పటి సైన్యాధిపతి జనరల్ వి.కె. సింగ్ చెప్పినప్పుడు టాట్రా పేరు దేశమంతా మోగింది. 1986 నుంచి ప్రభుత్వరంగ బీఈఎంఎల్ ద్వారా చెకొస్లొవేకియా మూలం గల ఆ లారీలు వస్తూనే ఉన్నాయి. వాటికి ఎడమవైపు స్టీరింగు. రోడ్డుకు ఎడమ పక్కన నడిచే దేశంలో, ఇరుకు కనుమ దారిలో, ఎదురు బండిని చూడలేని వైపు కూర్చున్న డ్రైవరు. పినాక రాకెట్లను, క్షిపణులను మోసేలా ఆ ఛాసిస్‌ను తీర్చిదిద్దిన మన ఇంజినీర్లు స్టీరింగును కుడికి మార్చడానికి ఏళ్లూపూళ్లూ ఎందుకు పట్టింది? లంచం ఆరోపణ మీద రోజుల తరబడి సాగిన రభసలో ఈ ప్రశ్న ఒక మూలకు పోయింది. డ్రైవరుకు మాత్రం ప్రతిరోజూ అదే ప్రశ్న.

ఈ మార్పులన్నింటినీ చేసిన చేతుల సంగతికొస్తే, 2017లో శెకత్కర్ కమిటీ సిఫార్సుల దరిమిలా సైన్యపు బేస్ వర్క్‌షాపులను ప్రైవేటు నిర్వాహకులకు అప్పగించే విధానానికి ప్రభుత్వం ఆమోదం తెలిపింది. 2021 అక్టోబరు 1న ఆయుధ కర్మాగారాల బోర్డును రద్దుచేసి 41 కర్మాగారాలను ఏడు కంపెనీలుగా విడదీశారు. జబల్‌పూర్ వాహన కర్మాగారం, మెదక్ కర్మాగారం రెండూ చెన్నై సమీపాన ఆవడి కేంద్రంగా ఉన్న కంపెనీ కిందికి వెళ్లాయి. బోర్డు హయాంలో జాప్యం, నాసితనం లేవని ఎవరూ వాదించలేరు. శక్తిమాన్ తర్వాత వచ్చిన స్టాలియన్ లారీ అశోక్ లేలాండ్ విడిభాగాలను జబల్‌పూర్‌లో బిగించడం వరకే పరిమితమైందన్నదీ నిజమే. అయితే కంపెనీ ఆర్డరు పత్రం చూసి పనిచేస్తుంది. బారాముల్లా నుంచో బొమ్డిలా నుంచో ఒక హవల్దార్ మెకానిక్ వచ్చి ఈ పట్టీ ఇక్కడ విరుగుతోంది అని చూపిస్తే వినిపించుకునే గది ఆ పత్రంలో ఎక్కడ ఉంటుందో ఇంతవరకు ఏ మంత్రీ వివరించలేదు.

సైన్యం వేలంలో అమ్మేసిన శక్తిమాన్‌లు ఇప్పటికీ ఈశాన్య రాష్ట్రాల కొండల్లో కనిపిస్తాయి. బాణం గుర్తు చెరిగిపోయింది, వెనుక తొట్టి స్థానంలో దుంగలను ఆపే ఇనుప గుంజలు లేచాయి, క్యాబిన్ తలుపులు ఊడిపోయి తాడు మిగిలింది. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు చెట్ల నరికివేత మీద, ఈశాన్యం నుంచి కలప రవాణా మీద ఆంక్షలు విధించినప్పుడు వాటిలో చాలా బండ్లకు పని పోయింది. మిగిలినవి బొగ్గుకు, రాళ్లకు, మట్టికి మారాయి. దానికోసం వాటి తొట్టి మళ్లీ మార్చారు.